పూల వైన్: పైన తేలేవి, అడుగున పేరేవి

ఇంగ్లండ్ పల్లెల్లో ఏప్రిల్‌లో పచ్చిక బయళ్ల నిండా పసుపుపచ్చగా విచ్చుకునే డాండెలియన్ పూలతోనూ, మే నెలాఖరు నుంచి జూన్ దాకా కంచెల వెంట మీగడ రంగు గుత్తులుగా పూసే ఎల్డర్ పూలతోనూ ఇళ్లలో వైన్ చేసుకోవడం తరతరాలుగా వస్తున్న అలవాటు. డాండెలియన్ పూలు కోయడానికి ఏప్రిల్ 23న వచ్చే సెయింట్ జార్జ్ పండుగే తగిన రోజని అక్కడి సంప్రదాయం. ద్రాక్షలో ఉండే తీపి ఈ పూలలో లేదు గనుక వైన్‌లోని మద్యమంతా విడిగా కలిపే చక్కెర నుంచే రావాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మొదలైన చక్కెర రేషన్ 1953లో తొలగిపోయాక ఈ గృహ విద్య మళ్లీ ఊపందుకోవడానికి ఇదే కారణం. తెలుగు నేల మీది ఇప్ప పువ్వు సంగతి వేరు: దాని కండలోనే తీపి దండిగా ఉంటుంది, దానితో చేసే ఇప్పసారాను పులిసిన తరువాత బట్టీ పెట్టి ఆవిరి పట్టి తీస్తారు. పూల వైన్‌ను బట్టీ పెట్టరు, పులియబెట్టి తేరనిస్తారు, అంతే. బ్రిటన్‌లో సొంత వాడకానికి, అమెరికాలో ఇద్దరు పెద్దవారున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్ల వరకు, అమ్మకం లేకుండా వైన్ చేసుకోవడాన్ని చట్టం అనుమతిస్తుంది గాని, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరమని పాఠకులు గుర్తించాలి.

పద్ధతి సులువైనదే. కాడలు వేరుచేసిన పూలను మరగకాచిన నీటిలో చక్కెర, నిమ్మరసంతో కలిపి, చల్లారాక ఈస్ట్ అనే సూక్ష్మజీవిని చేర్చి, కొన్ని రోజులు నానిన తరువాత పల్చటి గుడ్డలో వడగట్టి, ఇరుకు మూతి గాజు జాడీలో పోస్తారు. లోపలి బొగ్గుపులుసు వాయువును పోనిస్తూ బయటి గాలిని రానివ్వని నీటి బిరడాను, అంటే వంపు గొట్టంలో కాస్త నీరు నిలిపిన మూతను, దానికి బిగిస్తారు. లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం మద్యం ఏర్పడుతుంది కాబట్టి, నాలుగున్నర లీటర్ల జాడీకి కిలో చక్కెర వేస్తే పదమూడు శాతానికి దగ్గరగా వస్తుంది.

చిక్కంతా నలుసులతోనే వస్తుంది, అది మొదలయ్యేది పూలు కోసినప్పుడే. ఎల్డర్ పూల పరిమళంలో అధిక భాగం వాటి పుప్పొడిలో ఉండటం వల్ల పూలను కడిగితే పరిమళమూ నీటితో పాటే పోతుంది. కడగకపోతే పుప్పొడి తినడానికి చేరిన చిన్న నల్ల పెంకుపురుగులు, కంటికి ఆనీ ఆననంత సన్నని పురుగులు, పేనుబంక అన్నీ పాత్రలోకి దిగుతాయి. అనుభవజ్ఞులు ఎండ పొద్దున మంచు ఆరాక విచ్చిన గుత్తులను కోసి, మెల్లగా దులిపి, నీడలో తెల్ల గుడ్డ మీద పరచి గంటసేపు వదిలేస్తారు. పురుగుల్లో చాలా భాగం వాటంతట అవే పాకి పోతాయి, మిగిలినవి తెలుపు మీద నల్లగా కనిపిస్తాయి గనుక ఏరివేయడం తేలిక. అప్పటికీ ఒకటి రెండు కషాయంలో పడితే కంగారుపడనవసరం లేదు, వడపోతలో అవి గుడ్డ మీదే నిలిచిపోతాయి. నిజంగా భయపడవలసింది పచ్చని కాడల విషయంలో, ఎందుకనగా ఎల్డర్ కాడల్లోనూ ఆకుల్లోనూ సైనైడ్‌ను విడుదల చేయగల పదార్థాలుంటాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం చెట్టును పొరబడటం: ఎల్డర్ చేవగల పొద, విషపూరితమైన హెమ్‌లాక్ అయితే ఊదా మచ్చల బోలు కాడగల మెత్తని మొక్క, తెల్లని పూగుత్తులు మాత్రం దూరానికి ఒకేలా కనిపిస్తాయి. సువాసన ఉన్నంత మాత్రాన ఏ పువ్వునైనా నానబెట్టవచ్చుననుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు, తెలుగువారి పెరళ్లలోని గన్నేరు, ఉమ్మెత్తలే అందుకు సాక్ష్యం.

నానే పూలు వాయువు తోపుడుకు పైకి తేలి దళసరి పొరగా కడతాయి; రోజుకు రెండుసార్లు శుభ్రమైన గరిటెతో కిందికి అణచకపోతే గాలి తగిలిన ఆ పొర మీద బూజు పుడుతుంది. జాడీలోకి మార్చిన కొన్ని వారాలకు అడుగున లేత గోధుమరంగు మెత్తని మడ్డి పేరుకోవడం చూసి కొత్తవారు వైన్ పాడైందనుకుంటారు గాని, అది పని ముగించిన ఈస్ట్, వడపోత గుడ్డకు చిక్కని పుప్పొడి కలిసి దిగిన పొర మాత్రమే. దాన్ని కదిలించకుండా జాడీని ఎత్తున పెట్టి, సన్నని గొట్టం కొసను మడ్డికి పైనే నిలిపి, తేట భాగాన్ని మరో జాడీలోకి దించుకోవాలి. అడుగు భాగం కొంతైనా వృథా కాకూడదని ఆశపడి మడ్డిని తాకేవారు చేసిన శ్రమనంతా చెడగొట్టుకుంటారు. మడ్డి మీద నెలల తరబడి నిలిచిన వైన్‌లో చచ్చిన ఈస్ట్ కణాలు విచ్ఛిన్నమై దుర్వాసన వస్తుంది కనుక, రెండు మూడు నెలల తరువాత ఇదే పనిని మరోసారి చేస్తారు.

ఎంతకీ తేరని మసకకు కారణం వేరు. పూలతో పాటు కొందరు చేర్చే నిమ్మ తొక్కలను, ఎండుద్రాక్షను ఉడికిస్తే వాటిలోని పెక్టిన్, అంటే పండ్ల పాకాన్ని గడ్డకట్టించే పదార్థం, వైన్‌లో కలిసిపోయి పొగమంచులా నిలుస్తుంది. దాన్ని విడగొట్టే ఎంజైమును పులియబెట్టక ముందే వేయడం మేలు. ఎండుద్రాక్ష వేసిన సీసాను చలికాలంలో వాల్చి చూస్తే అడుగున గాజు పెంకుల్లా మెరిసే పలుకులు కనిపించి గుండె ఝల్లుమంటుంది. అవి ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లపు లవణం చలికి పలుకులు కట్టినవి, హాని లేనివి. వేడినీటిలో వేస్తే కరిగిపోతాయి, గాజైతే కరగదు. అనుమానం తీరేదాకా ఆ సీసాలోనిది తాగకపోవడమే క్షేమం.

జాడీలో ఖాళీ ఎక్కువైతే పైభాగాన పొడి చల్లినట్టు తెల్లని పలుచటి పొర అలుముకుంటుంది; గాలి కోరే ఈస్ట్‌లు చేసే పని ఇది, ఆదిలోనే పొరను తీసి, జాడీని మూతిదాకా నింపి, సూక్ష్మజీవులను అణచే సల్ఫైట్ బిళ్ల వేస్తే తరచూ ఆగిపోతుంది. నూగుగా ఆకుపచ్చని, నల్లని బూజు పట్టిందంటే మాత్రం పారబోయడమే. పండ్ల ఈగలు వాలి పుల్లని ఘాటు మొదలైందంటే ఎసిటిక్ బాక్టీరియా చేరినట్టే, మద్యం వెనిగర్‌గా మారుతున్నదన్నమాట. ఆ మార్పును వెనక్కి తిప్పే ఉపాయం లేదు. బూజు లేకుండా పుల్లబడిన వైన్‌ను వేరే పాత్రలో గుడ్డ కట్టి వంటకు వెనిగర్‌గా మాగనివ్వవచ్చు గాని, ఆ పాత్రనూ గొట్టాన్నీ తక్కిన జాడీల దరికి రానివ్వరు.