అరుగుకు తగిన రాయి

‘అరుగు’ అనే మాట మన భాషలో నామవాచకమూ అవుతుంది, క్రియ కూడ అవుతుంది. నామవాచకమైనప్పుడు వీధిగుమ్మానికి అటూ ఇటూ ఉండే తిన్నె. క్రియ అయినప్పుడు రాపిడికి తరిగిపోవుట. ఈ రెండింటికీ చుట్టరికమున్నదని నేననను. కాని తరతరాలుగా మనుషులు కూర్చుని లేచిన పాత అరుగును చూచినప్పుడు ఆ రెండర్థములూ ఒకచోట కలిసినట్లు తోచును. ఎండకు, వానకు, రాకపోకలకు నిలిచి, అరుగుతూ కూడ పనికివచ్చే పదార్థమేది? ఇల్లు కట్టుకొనేవారు చాలమంది ఈ ప్రశ్న వేసుకొనకుండానే రాయి కొంటున్నారు. అట్లు కొన్నవారిలో నేనూ ఒకడిని.

మా తండ్రిగారి చిన్ననాడు మా ఇంటి అరుగు మట్టిది. ఎర్రమన్నుతో మెత్తి, పేడతో అలికి, ముగ్గు పెట్టేవారు. వేసవిలో అంతటి చల్లదనం మరి దేనికీ లేదు. వానలు వచ్చినచో అంచులు కరిగిపోయేవి. ఏటేటా మరల మెత్తవలసి వచ్చేది. కలిగినవారు గచ్చు చేయించేవారు. సున్నమూ ఇసుకా గానుగలో నూరి, బెల్లపు నీరు, కరక్కాయ నీరు చేర్చి, ఓపికగా కొట్టి నునుపు చేసేవారు. ఆ ఓపికా, ఆ పనివారూ అరుదైనారు. ఆ స్థానాన్ని సిమెంటు ఆక్రమించింది.

ఇక కలప. మేడమీద వెలుపలి వసారాకు చెక్క పలకలు పరపించుకొనే వేడుక నేడు పట్టణాలలో కనిపిస్తున్నది. తప్పులేదు గాని, కలప స్వభావం తెలియవలెను. మానులో వెలుపలి తెల్లచెక్క పురుగుకు లోకువ. లోపలి ముదురు భాగమునకు చేవ అని పేరు. టేకు చేవలో సహజంగా ఉండే నూనెవంటి పదార్థముల వలన దానిని చెదలు అంత తొందరగా అంటవు. మనిషి సత్తువకు కూడ ‘చేవ’ అనే మాటనే వాడిన మన పెద్దలు కలపను బాగుగా ఎరిగినవారు. తడి తగిలినచో చెక్క అడ్డముగా ఉబ్బుతుంది. నిడివిలో దాదాపు మారదు. కనుక పలకకూ పలకకూ నడుమ పావు అంగుళమైనా సందు విడువవలెను. అడుగున గాలి ఆడనీయవలెను. ఈ రెండూ లేనిచోట టేకైనా చివుకుతుంది.

మన ప్రాంతాలలో అరుగుకు చిరకాలంగా నమ్మకమైనది నాపరాయి. బేతంచెర్ల రాయి, కడప బండ, తాండూరు బండ, అన్నీ సున్నపురాతి జాతివే. పొరలు పొరలుగా ఏర్పడినవి గనుక పలకలుగా విడివడి వస్తాయి. నలుపు రాయి ఎండలో మిక్కిలి కాగుతుంది. లేతరంగు రాయి అంతగా కాగదు. నాపరాతికి శత్రువు పులుపు. నిమ్మరసమో చింతపండు పులుసో పడి నిలిచినచో నునుపు పోయి మచ్చ మిగులుతుంది.

2019లో మా ఇల్లు బాగుచేయించినప్పుడు ఇవేవీ నేను ఆలోచించలేదు. ఒంగోలు సమీపంలోని చీమకుర్తిలో దొరికే నల్లరాయిని, బంగారు చుక్కలు మెరిసేదానిని, తెప్పించి అరుగుకు వేయించినాను. చూచినవారందరూ మెచ్చుకొన్నారు. శ్రావణ మాసంలో ఒక ఉదయం సన్నని జల్లు పడుతుండగా, ఎనుబది యేండ్లు దాటిన మా అమ్మగారు పూలమ్మిని పిలుద్దామని అరుగు మీదికి వచ్చి జారిపడినారు. మణికట్టు విరిగింది. ఎముక అతికింది గాని భయం పోలేదు. ఆమె అరుగు మీదికి రావడం మానివేసినారు. ఆమె కోసం వచ్చి కూర్చునే ఇరుగుపొరుగు అమ్మలూ రావడం తగ్గించినారు. రాయి మాత్రం మెరుస్తూనే ఉన్నది.

దోషం రాతిది కాదు. మెరుగుపెట్టిన రాతి మీద నీరు పలుచని పొరగా పరచుకొంటుంది. పాదం ఆ పొర మీద నిలుస్తుంది గాని రాతిని అందుకొనదు. గరుకురాతి మొనలు ఆ నీటిపొరను చీల్చుకొని పాదమునకు పట్టునిస్తాయి. మా మేస్త్రి ఈ సంగతి ఒక్కమాటలో తేల్చినాడు: “అయ్యగారూ, ఈ రాయి వంటింటిది, పొరపాటున వీధిలోకి వచ్చింది.”

నిజమే. మా వంటింటి గట్టు పాత నాపరాయిది. చింతపండు పులుసుకు మచ్చలు పడి ఉన్నది. ఆ నల్లరాతికి పులుపు భయం లేదు. దానిని గట్టుకు మార్చినాము. అరుగుకు మెరుగుపెట్టని బేతంచెర్ల బండలు వేయించి, నీరు నిలువకుండ గజమునకు అరంగుళం చొప్పున వీధివైపు వాలు ఇప్పించినాము.

కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని క్షేమేంద్రుడు చెప్పిన సంగతిని నేను తరగతిలో ఎన్నో ఏండ్లు బోధించినాను. ఇంటి అరుగుకు అది వర్తించునని తెలియుటకు అమ్మ పడవలసి వచ్చింది. రాయి కొనబోయేవారికి నా మనవి ఒక్కటే. అంగడిలో పలక మీద చెంబెడు నీళ్ళు పోయించి, చెప్పులు విడిచి, పాదంతో రాచి చూడండి. ఆ అరుగు మీద మీ ఇంట ఎవరు కూర్చుంటారో తలచుకొని, అటుపిమ్మట ధర అడగండి.

కొత్త బండలు పరచిన వారానికి అమ్మ గుమ్మం పట్టుకొని ఒక పాదం వెలుపల మోపి, రెండుమూడు సార్లు రాచి చూచినారు. తరువాత మెల్లగా కూర్చుని, బియ్యం చేట తెమ్మన్నారు.