ప్రోస్టేటు కాన్సరు: గ్రంథిలోపలనుండి కిరణచికిత్స

పురుషుని మూత్రాశయమునకు దిగువను, మూత్రనాళమును చుట్టుకొని, పెద్ద ఉసిరికాయంత గ్రంథి యొకటి కలదు. దానిని ప్రోస్టేటు గ్రంథి యందురు. 50 ఏండ్లు దాటిన పిదప చాలమందిలో ఇది పెరుగును. రాత్రులందు పలుమారులు మూత్రమునకు లేవవలసివచ్చుటకు తరచుగా ఈ పెరుగుదలయే కారణము, కాన్సరు కాదు. కాన్సరు పుట్టినప్పుడో, తొలిదశలో బాధ యేమియు తెలియకపోవచ్చును. పి.యస్.ఏ. అను రక్తపరీక్ష అనుమానమును కలిగించును. సూదితో సన్నని ముక్కలు తీసి చేయు బయాప్సీ పరీక్ష దానిని నిర్ధారించును.

వ్యాధి గ్రంథిని దాటకమునుపే కనుగొనబడినచో చికిత్సామార్గములు పెక్కు కలవు. వానిలో నొకటి బ్రాకీథెరపీ. గ్రీకు భాషలో 'బ్రాకీ' యనగా పొట్టి. వెలుపలి యంత్రమునుండి కిరణములను ప్రసరింపజేయుటకు బదులు, రేడియోధార్మిక పదార్థమును గ్రంథిలోపలనే ఉంచుదురు.

ఈ యాలోచన పాతది. క్యూరీ దంపతులు 1898లో రేడియమును కనుగొనిన పదునైదేండ్లలోపే పారిస్ వైద్యులు దానిని మూత్రనాళముద్వారా గ్రంథికడకు చేర్చి చూచిరి. 1970 ప్రాంతమున న్యూయార్కు శస్త్రవైద్యుడు విట్‌మోర్ మొదలగువారు పొట్ట కోసి, అయొడిన్-125 గింజలను చేతి అంచనాతో గ్రుచ్చిరి. గింజలు ఒకచోట గుంపుగను, వేరొకచోట పలుచగను పడుటచే కాన్సరు మరల తలయెత్తెడిది. 1983లో డెన్మార్కు వైద్యుడు హోమ్, అల్ట్రాసౌండు చిత్రమును చూచుచు, కోత లేకుండ, గుదమునకు ముందువైపు చర్మముగుండ సూదులను పంపు పద్ధతిని ప్రకటించెను. నేటి చికిత్స దానినుండి పెరిగినదే.

ఒక్కొక్క గింజ 4.5 మిల్లీమీటర్ల టైటానియపు గొట్టము, బియ్యపుగింజకన్న చిన్నది. గ్రంథి పరిమాణమునుబట్టి 50 మొదలు 100కు పైగా గింజలను మత్తులోనుంచి నాటుదురు. అవి జీవితాంతము లోపలనే యుండును, గాని వాని శక్తి 60 దినములకు సగమగును; 10 మాసములకు ముప్పదిరెండవ వంతు మాత్రమే మిగులును. ట్రాంబేలోని భాభా అణుపరిశోధన కేంద్రము ఇట్టి గింజలను మన దేశముననే రూపొందించినది. రెండవ పద్ధతిలో ఇరిడియం-192ను సన్నని గొట్టములద్వారా కొద్ది నిమిషములు లోనికి పంపి, వెనుకకు తీయుదురు. రోగి శరీరమున ఏమియు మిగులదు. గర్భాశయముఖ కాన్సరుకు వాడు యంత్రములే ఇందుకును పనికివచ్చును.

గింజలు నాటించుకొని యింటికి వచ్చిన తాత మనుమని ముట్టుకొనవచ్చునా? ఇంటివారిని మిక్కిలి కలతపెట్టు ప్రశ్న యిదియే. ముట్టుకొనవచ్చును. అయొడిను కిరణములు మిక్కిలి బలహీనములు. అధికభాగము శరీరముననే యడగిపోవును. తొలి రెండు మాసములు పసిపిల్లలను చాలసేపు ఒడిలో కూర్చుండబెట్టుకొనరాదు. గర్భిణులు చాలసేపు ఆనుకొని కూర్చుండరాదు. కలిసి భుజించుటకు దోషము లేదు. విస్తరి వేరుచేయుట అజ్ఞానము. మూత్రములో గింజ పడినచో వ్రేళ్ళతో నెత్తక, చెంచాతో తీసి ఆసుపత్రికి తెలుపవలెను. చెప్పుటకు కష్టమైనను చెప్పక తప్పని మాట మరియొకటి యున్నది: గింజలు నాటిన సంవత్సరములోపల రోగి యే కారణముననైనను మరణించినచో, దహనమునకు ముందు ఆసుపత్రివారిని సంప్రదింపవలెను.

చికిత్స కష్టములేనిది కాదు. కొన్ని వారములు మూత్రము మంటగా, మాటిమాటికి వచ్చును. కొందరికి బంధించుటచే గొట్టము వేయవలసివచ్చును. దాంపత్యశక్తి క్రమముగా తగ్గుటయు కలదు. సంకోచింపక ముందుగనే వైద్యునితో మాటాడవలసిన విషయమిది. గ్రంథి మిక్కిలి పెద్దదైనవారికి, మూత్రము ధారాళముగా రానివారికి ఈ చికిత్స తగకపోవచ్చును. మందకొడి కాన్సరైనచో ఏ చికిత్సయు చేయక, క్రమముగా పరీక్షించుచు వేచియుండుమని వైద్యుడే చెప్పవచ్చును. అది నిర్లక్ష్యము కాదు.

చికిత్సానంతరము పి.యస్.ఏ. నెమ్మదిగా తగ్గును. ఒకటి రెండేండ్లకు కొందరిలో అది కొంచెము పెరిగి, మరల దానంతట తగ్గుటయు కలదు. అట్టి తరుణమున వ్యాధి తిరిగివచ్చినదని తొందరపడక, వైద్యుడు చెప్పిన గడువుకు మరల పరీక్ష చేయించుకొనవలెను.