జపానుదేశమున హత్యయు, ఆయుధ వివాదమును

మన ఎన్నూరులోని కామరాజర్ రేవునుండి నిస్సాన్ మోటారు కార్లు ఓడలకెక్కి విదేశములకు పోవుట 2010వ సంవత్సరమున ప్రారంభమైనది. మనకు ఉత్తరముగా, రాష్ట్రపు సరిహద్దు దాటినంతనే, తడ సమీపమున శ్రీసిటీలో ఇసుజు మున్నగు జపాను సంస్థల కర్మాగారములు వెలసినవి. కావున మన పిల్లలకు జపాను అనగా యంత్రములు చేయు దేశమనియే తెలియును. ఆ దేశమునకును మన తీరమునకును ఒకప్పుడు బాంబుల సంబంధము గూడ కలిగినదని వారికి చెప్పువారు తక్కువ.

2022 జూలై 8వ తేదీన జపాను మాజీ ప్రధాని షింజో అబే హత్యకు గురియైనాడు. మరునాడు మన దేశమంతట సంతాపదినము పాటింపబడినది. ఆ యేడాది చివరనే జపాను ప్రభుత్వము రక్షణవ్యయమును ఇబ్బడిగా పెంప నిశ్చయించినది. ఈ రెంటిని ఒకదాని వెంట నొకటి వినినవారు, నాయకుడు చంపబడుటచేతనే శాంతిదేశము ఆయుధములు పట్టినదని తలచుట సహజము. అది నిజమా? పిల్లలు ఇంటివద్ద అడిగినప్పుడు తలిదండ్రులు ఏమి చెప్పవలెను? ఈ వ్యాసము అందులకై వ్రాయబడినది.

ముందుగా జరిగిన దానిని తెలిసికొందము. నారా నగరమున ఒక రైలు స్టేషను ఎదుట అబే ఎన్నికల ప్రసంగము చేయుచుండగా, 41 ఏండ్ల వ్యక్తి యొకడు తాను స్వయముగా తయారు చేసికొన్న తుపాకితో వెనుకనుండి కాల్చెను. అతని పగకు ఆయుధవిధానముతో సంబంధము లేదు. అతని తల్లి యూనిఫికేషన్ చర్చి అను మతసంస్థకు దాదాపు 10 కోట్ల యెన్లు సమర్పించి కుటుంబమును దివాలా తీయించినది. ఆ సంస్థకు అనుబంధమైన యొక సభకు అబే సందేశము పంపియుండెను. ఆ కోపమే హత్యకు కారణమని నిందితుడు చెప్పెను. 2026 జనవరిలో న్యాయస్థానము అతనికి యావజ్జీవ కారాగారశిక్ష విధించినది.

ఇక వివాదమునకు మూలమేమి? 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరములపై అణుబాంబులు పడిన పిదప జపాను లొంగిపోయెను. అమెరికా సైన్యపు ఆక్రమణలో నుండగా తయారైన రాజ్యాంగము 1947 మే 3వ తేదీన అమలులోనికి వచ్చెను. అందలి 9వ అధికరణము ప్రకారము ఆ జాతి యుద్ధమును శాశ్వతముగా విసర్జించినది. భూ, నౌకా, వైమానిక బలములను ఉంచుకొనమని చెప్పినది. అయినను 1950లో కొరియాయుద్ధము రాగానే 75,000 మందితో పోలీసు రిజర్వుదళ మొకటి ఏర్పడెను. అదియే 1954లో ఆత్మరక్షణ దళముగా మారెను. సైన్యము వద్దనిన రాజ్యాంగము క్రిందనే సైన్యమును పోలినది పెరిగెను. దానికి హద్దుగా 1976లో మంత్రివర్గము, రక్షణవ్యయము జాతీయోత్పత్తిలో నూటికి ఒక వంతు మించరాదని నిర్ణయించినది. ఆ నిర్ణయము తరువాత సడలినను, వ్యయము చాలకాలము దాదాపు ఆ మేరకే నిలిచినది.

2006-07లోను, మరల 2012 నుండి 2020 వరకును ప్రధానిగానుండిన అబే ఈ హద్దులను సడలించుటయే తన జీవితకార్యముగా నెంచెను. 2014 జూలైలో ఆయన మంత్రివర్గము 9వ అధికరణమునకు క్రొత్త వ్యాఖ్యానము చెప్పి, జపాను ఉనికికే ముప్పు కలుగునప్పుడు మిత్రదేశమునకు సాయముగా బలప్రయోగము చేయవచ్చుననెను. 2015 సెప్టెంబరులో అందులకై చట్టములు వచ్చినవి. అప్పుడు వేలాదిమంది పౌరులు పార్లమెంటు ఎదుట నిలిచి నిరసన తెలిపిరి. రాజ్యాంగమునే సవరింపవలెననిన ఉభయసభలలో మూడింట రెండువంతుల సభ్యులు ప్రతిపాదింపవలెను. పిదప ప్రజల వోటులో అధికసంఖ్య రావలెను. అబే కోరిన సవరణ ఆయన కాలమున జరుగలేదు.

ఉభయపక్షముల వాదములను న్యాయముగా వినవలెను. ఆయుధములు కావలెననువారు, పొరుగున ఉత్తరకొరియా అణ్వస్త్రములు కలిగియున్నదనియు, చైనా నౌకాబలము పెరుగుచున్నదనియు, ఎల్లకాలము అమెరికాపై ఆధారపడరాదనియు చెప్పుదురు. ఉన్న సైన్యమును లేదనుట కంటె రాజ్యాంగమున వ్రాసికొనుటయే నిజాయితీ యని వారి భావము. వద్దనువారు, ఒకరు పెంచిన ఆయుధమును చూచి వేరొకరు పెంచుదురనియు, వృద్ధులు పెరిగి యువకులు తగ్గుచున్న దేశమున ఆ ధనము పోషణకు కావలెననియు, యుద్ధమెట్టిదో తాము చవిచూచితిమనియు చెప్పుదురు. అణుబాంబునుండి బ్రతికి బయటపడిన వారి సంఘమునకు 2024లో నోబెల్ శాంతిబహుమతి లభించినది. వీరిలో దేశభక్తి లేనివారు ఎవరును లేరు.

హత్య ఈ వాదమును తేల్చినదా? లేదనియే చెప్పవలెను. హత్య జరిగిన మరునాడే పక్షములన్నియు ప్రచారము సాగించినవి. 10వ తేదీన పోలింగు యథావిధిగా జరిగినది. అబేకు ప్రభుత్వలాంఛనములతో అంత్యక్రియలు జరుపుటను సైతము పలువురు బాహాటముగా వ్యతిరేకించిరి. 2022 డిసెంబరు 16వ తేదీన ప్రభుత్వము అయిదేండ్లకు 43 లక్షల కోట్ల యెన్ల రక్షణవ్యయమును, 2027 నాటికి నూటికి రెండువంతుల లక్ష్యమును ప్రకటించుటకు వేరు కారణములు కలవు. ఆ యేడాది ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయినుపై దండెత్తెను. ఆగస్టులో చైనా క్షిపణులు జపాను తన ఆర్థికమండలముగా పేర్కొను సముద్రమున పడెను. అక్టోబరులో ఉత్తరకొరియా క్షిపణి జపాను మీదుగా పోయెను. మృతుని మాట కొంత బలపడియుండవచ్చును గాని, నిర్ణయమునకు దారితీసినవి ఈ సంఘటనలే. 9వ అధికరణములో మాత్రము ఈ వ్యాసము వ్రాయునాటికి ఒక్క అక్షరమును మారలేదు.

ఇదివరలో ఇందుకు విరుద్ధపక్షమున గూడ ఒక హత్య జరిగినది. 1960లో అమెరికాతో రక్షణ ఒడంబడికను తీవ్రముగా ఎదిరించిన సామ్యవాద నాయకుడు ఇనెజిరో అసనుమాను, అక్టోబరు 12వ తేదీన టోకియోలోని ఒక సభావేదికపై, అందరును చూచుచుండగా కత్తితో పొడిచి చంపిరి. చంపినవాని వయస్సు 17 ఏండ్లు. మన పాఠశాలలలో పై తరగతులు చదువు బాలుర వయస్సు. ఆ హత్యతో శాంతివాదము నశింపలేదు. ఒడంబడికయు రద్దు కాలేదు. ఇట్లు ఒకమారు ఆయుధములు వద్దనినవాడు, మరియొకమారు కావలెననినవాడు చంపబడిరి. ప్రశ్న మాత్రము ప్రజలయెదుట ఎప్పటివలెనే నిలిచినది.

కాని అంతకుముందొక కాలమున హత్యలే సమాధానము చెప్పినవి. 1932 మే 15వ తేదీన యువ నౌకాధికారులు ప్రధాని త్సుయోషి ఇనుకైని ఆయన యింటిలోనే కాల్చిచంపిరి. విచారణకాలమున హంతకులను దేశభక్తులని పొగడుచు లక్షలకొలది జనులు వినతిపత్రములపై సంతకములు చేసిరి, శిక్షలు తేలికపడెను. పక్షనాయకులు ప్రధానులగు పద్ధతి అంతటితో ఆగి, యుద్ధము ముగియువరకు మరల రాలేదు. 1936 ఫిబ్రవరి 26వ తేదీన, సైనికవ్యయమును తగ్గింపజూచిన ఆర్థికమంత్రి కొరెకియో తకహాషిని సైనికులు చంపిరి. అటుపిమ్మట సైనికాధికారులకు ఎదురుచెప్పువారు అరుదైరి. 1937లో చైనాతోను, 1941లో అమెరికాతోను యుద్ధము సాగెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన ఆ సైన్యపు విమానములు విశాఖపట్నము, కాకినాడ రేవులపై బాంబులు వేసెను. ఆ దినములలో మదరాసు నగరవాసులు గుంపులు గుంపులుగా ఇండ్లు విడిచి పల్లెలకు తరలిపోయిరి. ఎక్కడనో హంతకుని మెచ్చుకొనిన చేతివ్రాత, పదేండ్లలో మన తెలుగుతీరమునకు అపాయమై వచ్చినది.

కాబట్టి జాతి భవితవ్యము హత్య జరిగినదా లేదా యనుదానికంటె, జరిగిన తరువాత ప్రజలేమి చేసిరనుదానిపై ఎక్కువ ఆధారపడును. 1932లో వారు హంతకుని మెచ్చుకొనిరి, 2022లో వోటువేయబోయిరి.

మనకును ఈ పాఠము క్రొత్తది కాదు. 1948 జనవరి 30వ తేదీన అహింసామూర్తియైన గాంధీ మహాత్ముడు హతుడైన నాటికి మన సైన్యము కాశ్మీరమున పోరాడుచుండెను. మన రాజ్యాంగపు 51వ అధికరణము అంతర్జాతీయశాంతికై పాటుపడుమని ప్రభుత్వమును ఆదేశించుచున్నది గాని సైన్యమును నిషేధింపలేదు. 1952 జూన్ 9వ తేదీన జపానుతో వేరుగా సంధి చేసికొని మన దేశము యుద్ధనష్టపరిహారమును వదలుకొనినది. పగను ఆ విధముగా విడిచినందుననే నేడు మన రేవులలో స్నేహవాణిజ్యము సాధ్యమైనది.

తలిదండ్రులకు నా మనవి యిది. దేశమునకు ఎంత ఆయుధబలము కావలెనని మీ బిడ్డ అడిగినచో ఉభయవాదములను చెప్పి, ఆలోచించుకొమ్మని విడువుడు. మీ యభిప్రాయమును అతడు కాదనినను కోపింపవలదు. కాని నచ్చని నాయకుడు చంపబడినప్పుడు ఇంటిలో ఎవరైన "మంచిపని జరిగినది" అనినచో, ఆ మాటను అక్కడికక్కడే ఖండింపుడు. పిల్లలు వార్తాపత్రికలలో చదువుదానికంటె, భోజనమువద్ద పెద్దలనోట విను మాటలనే ఎక్కువగా నేర్చికొందురు.