ఆస్థాన ఔషధకారుడు కాస్పర్ నాయ్‌మన్

మన మూలికల అంగళ్లలో వాము పువ్వను తెల్లని స్ఫటికములు దొరకును. శాస్త్రజ్ఞులు దీనిని థైమాల్ అందురు. వాము తైలమున నున్న ఈ పదార్థమే ఐరోపాలోని థైమ్ అను మొక్క తైలమునందును కలదు. దానిని 1719లో థైమ్ తైలమునుండి వేరుపరచినవాడు కాస్పర్ నాయ్‌మన్. ఆ యేడే ఆయన బెర్లినున ప్రష్యా రాజుగారి ఆస్థాన ఔషధకారుడయ్యెను.

ఆ పదవి ఆయనకు సులభముగా లభింపలేదు. 1683లో, నేడు పోలండులో చేరియున్న త్సులిఖౌ పట్టణమున జన్మించి, బాల్యముననే తల్లిదండ్రులను కోల్పోయి, ఒక ఔషధశాలలో పని నేర్చెను. పిమ్మట బెర్లిను చేరి, రాజుగారి ప్రయాణములలో వెంట సాగు ఔషధశాలలో కుదిరెను. మొదటి ఫ్రెడరిక్ రాజు ఆతని నైపుణ్యమును మెచ్చి, 1711లో తన ఖర్చుమీద విదేశములకు పంపెను. 1713లో రాజు మరణించెను. కొత్త రాజు పొదుపరి, భృతి ఆగిపోయెను. నాయ్‌మన్ అప్పుడు లండనులో నుండెను. రాజాశ్రయము పోయినను చేతిలోని విద్య పోలేదు గదా! సిప్రియానస్ అను శస్త్రవైద్యునికడ ప్రయోగశాలలో పనిచేయుచు పొట్టపోసికొనెను. తుదకు రాజవైద్యుడు ష్టాల్ కలుగజేసికొనగా మరల భృతి లభించెను.

రాజుగారికి మందులు సమకూర్చువాడు తన విద్యను గుట్టుగా దాచుకొనుట ఆ కాలమున వింత కాదు. నాయ్‌మన్ బెర్లిను వైద్యకళాశాలలో ఆచార్యుడై దానిని విద్యార్థుల యెదుట పరచెను. తేయాకు, కాఫీ, బీరు, ద్రాక్షసారా, ఉప్పు, చివరకు చీమలు కూడ ఆయన ఉపన్యాసములకు విషయములే! ఒక్కొక్క వస్తువును తీసికొని, నీటిలో ఎంత కరుగును, మద్యసారములో ఎంత కరుగును అని తూచి చూచెడివాడు. ఆయన నమ్మిన ష్టాల్ దహనసిద్ధాంతము లవోయిజే పరిశోధనలతో కూలిపోయినది. తాను వేరుపరచిన స్ఫటికములను సైతము ఒకజాతి కర్పూరమనియే ఆయన తలచెను. అందు వింతలేదు, కర్పూరము, పుదీనా పువ్వు, వాము పువ్వు కలిపినచో మూడును తమంతట తామే ద్రవమై అమృతధార యగుట మన యిండ్లలో ఎరిగినదే. థైమాల్ అను పేరు 1853లో ఫ్రాన్సు దేశపు లాల్‌మాఁ పెట్టినది. సిద్ధాంతము తప్పినను తూకము తప్పలేదు కనుకనే, నాయ్‌మన్ ఉపన్యాసములను 1759లో విలియం లూయిస్ ఆంగ్లమున ప్రకటించెను.

నాయ్‌మన్ 1737లో మరణించెను. ఆయనకడ ప్రయోగవిద్య నేర్చిన మార్‌గ్రాఫ్ పదేండ్ల తరువాత, 1747లో, ఎండిన బీటుదుంపలను మద్యసారములో మరిగించి వడగట్టెను. కొన్ని వారములకు అడుగున పేరుకొన్న పలుకులు చెరకు చక్కెరయే.