విదేశాల్లో ఇంగ్లీషు టీచర్ కావాలంటే



మా ఇళ్లలో డిగ్రీ మెట్టెక్కిన మొదటివాళ్లం మేమే. అందుకే "నెల రోజుల్లో సర్టిఫికెట్, విదేశాల్లో ఇంగ్లీషు టీచర్ ఉద్యోగం" అన్న గోడ కాగితం చూసి, అడిగేవాళ్లు లేక, నిజమేననుకున్నాము. ఆ సర్టిఫికెట్‌నే టెఫ్ల్ అంటారు. అది మంచి శిక్షణే, కానీ దాన్ని చూసి ఎవరూ వీసా ఇవ్వరు.

ముందు చూసేది మన పాస్‌పోర్టు ఏ దేశానిదని. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు చెప్పడానికిచ్చే ఇ-2 వీసా ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా వంటి ఏడు దేశాల వారికే. 2010లో అమల్లోకి వచ్చిన ఒప్పందం వల్ల మనకూ దారి ఉంది గానీ, డిగ్రీతోపాటు ఇంగ్లీషు టీచర్ అర్హత పత్రం చూపాలి. మనం ఎంత బాగా మాట్లాడినా ఇంతే, కాస్త బాధగానే ఉంటుంది.

మనవాళ్లకు దగ్గర దారి గల్ఫ్‌లోని ఇండియన్ స్కూళ్లు, మాల్దీవులు. అక్కడ సాధారణంగా అడిగేది ఇంగ్లీషు డిగ్రీ, బీఎడ్. బీఎడ్ 2015 నుంచి రెండేళ్లు. కాలేజీకి ఎన్.సి.టి.ఇ. గుర్తింపు ఉందో లేదో చేరకముందే చూసుకోండి.

అసలు చిక్కు కాగితాల దగ్గరే. యు.ఎ.ఇ.కి వెళ్లాలంటే డిగ్రీ పట్టా మీద మన రాష్ట్ర ప్రభుత్వం, ఢిల్లీ విదేశాంగ శాఖ, ఆ దేశ ఎంబసీ వరుసగా ముద్రలు వేయాలి. ఒమన్, సౌదీ వంటి దేశాలకు ఎంబసీ బదులు అపోస్టిల్ అనే ముద్ర చాలు. దానికి ప్రభుత్వ రుసుము 50 రూపాయలే. మధ్యవర్తులు వేలు అడిగితే ఆ లెక్క గుర్తు చేయండి.

వీటన్నిటికీ ఒరిజినల్స్ కావాలి. మా బ్యాచ్‌లో ఒక అక్కకు మాల్దీవుల ఉద్యోగం ఖాయమైంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ పట్టా ఇవ్వలేదు. గడువు దాటిపోయింది. ఒరిజినల్స్ ఆపకూడదని యు.జి.సి. 2018లోనే ఉత్తర్వులిచ్చిందని మాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే రాతపూర్వకంగా అడిగేవాళ్లం.

ఇంకో మాట. ఏజెంటు విదేశాంగ శాఖలో రిజిస్టరైనవాడై ఉండాలి. అతను తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, పైన జి.ఎస్.టి. విజిట్ వీసా మీద పంపి తర్వాత మారుస్తానంటే వద్దనండి.

పదో తరగతి మెమో, ఆధార్, పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, స్పెల్లింగు ఒకటేనా? ఈ సెలవుల్లో మాచర్ల, గురజాల ఇళ్లకు వెళ్లినప్పుడు ట్రంకుపెట్టె తెరిచి చూడండి. మెమోలో తప్పుంటే హెడ్మాస్టరు గారి ద్వారా ఇప్పుడే అర్జీ పెట్టండి.