జీతం లేని కొలువుకి వెళ్తానంటే...

మీ అమ్మాయి డిగ్రీయో, ఇంజనీరింగో చదువుతోందనుకోండి. ఓ సాయంత్రం మీరు పప్పుకి పోపు పెడుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, పెద్ద క్రీడోత్సవాలు జరగబోతున్నాయి, వాలంటీర్‌గా వెళ్తాను" అంటుంది. "జీతమెంత?" అంటారు మీరు. "జీతం ఉండదు." "పోనీ, ఉండడానికి గది ఇస్తారా?" "అదీ మనమే చూసుకోవాలి." ఇంకేముంది, పోపు మాడిపోతుంది!

కాస్త ఆగండి. ఈ కోరిక మీ అమ్మాయి ఒక్కదానికే పుట్టలేదు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్, ఆ వెంటనే జరిగిన పారాలింపిక్స్ రెంటికీ కలిపి వాలంటీర్లుగా వస్తామని 11 లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. తీసుకున్నది లక్ష మందిని. వాళ్లలో ఎక్కువమంది యూనివర్సిటీ విద్యార్థులే. 2012లో లండన్‌లో 70 వేల మంది కావాలంటే 2 లక్షల 40 వేల దరఖాస్తులు వచ్చాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌కైతే 45 వేల చోట్లకి 3 లక్షలు దాటాయి. పైసా రాని పనికి ఇంత పోటీ ఎందుకో తెలుసుకున్నాకే పంపాలో వద్దో తేల్చుకోవచ్చు.

ఇంతకీ ఏం పని చేయిస్తారు?

చాలామంది తల్లిదండ్రులు అనుకున్నట్టు పిల్లలు ఆటలు చూస్తూ కూర్చోరు. గేటు దగ్గర టికెట్లు చూడడం, జనాన్ని సీట్ల దాకా తీసుకెళ్లడం, దారి తప్పిన పెద్దవాళ్లకి దారి చూపించడం... ఎక్కువమందికి దక్కేది ఇలాంటి పనే. స్టేడియం లోపల హోరెత్తిపోతుంటే వీళ్లు బయట ఎండలో చెయ్యి చూపిస్తూ నిలబడతారు. ఈ మాట ముందే చెప్పకపోతే పిల్లలు వెళ్లాక నీరసపడిపోతారు.

చదువుకి దగ్గరగా ఉండే పనులూ లేకపోలేదు. జర్నలిజం చదివేవాళ్ల సంగతే తీసుకోండి. పోటీ అయిపోయాక క్రీడాకారులు విలేఖరుల ముందు నుంచి నడిచివెళ్లే దారి ఒకటుంటుంది. దాన్ని మిక్స్‌డ్ జోన్ అంటారు. చెమటలు కక్కుతూ వస్తున్న మనిషి నుంచి ఒకటి రెండు మాటలు రాబట్టి, తప్పు లేకుండా రాసుకుని, నిమిషాల్లో ప్రపంచ విలేఖరులందరికీ అందేలా చెయ్యాలి. బీజింగ్‌లో ఈ పనికి చైనా విద్యార్థులతో పాటు అమెరికా, ఆస్ట్రేలియా జర్నలిజం విద్యార్థులు కూడా వచ్చారు. ఓడిపోయి ఏడుస్తూ వస్తున్న అమ్మాయిని ఏమని పలకరించాలి? ఆ మర్యాద ఏ క్లాసులోనూ పూర్తిగా నేర్పలేరు.

భాషలు చదివినవాళ్లని ఒక్కో దేశపు జట్టుకి సహాయకులుగా వేస్తారు. డోపింగ్ పరీక్షకి పిలిచిన క్రీడాకారుల్ని, శాంపిల్ ఇచ్చే గదికి చేరేదాకా కంటికి రెప్పలా కనిపెట్టుకుని ఉండే పని ఒకటుంది. ఆ మనిషి పతకం అందుకున్నా, స్నేహితులతో మాట్లాడుతున్నా వెంటే ఉండాలి. క్రీడాకారిణుల వెంట సాధారణంగా ఆడపిల్లల్నే పంపుతారు. ప్రపంచ ఛాంపియన్‌కైనా "నా కళ్ల ముందు నుంచి వెళ్లకండి" అని నవ్వుతూనే గట్టిగా చెప్పగలగాలి. ఇరవై ఏళ్ల పిల్లకి అది చిన్న పాఠమా?

అన్నీ ఇంత గౌరవంగా ఉంటాయనీ చెప్పలేను. బీజింగ్‌లో పతకాల పళ్లేలు పట్టుకునే అమ్మాయిల ఎంపికకి ఎత్తు ఇన్ని సెంటీమీటర్లుండాలని కొలతలు పెట్టారు. చిరునవ్వు నిలబడాలని పళ్ల మధ్య చాప్‌స్టిక్ పెట్టి సాధన చేయించిన ఫొటోలు ప్రపంచమంతా చూసింది. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని కొలతలుండవు కదూ! మీ అమ్మాయికి ఏ పని ఇస్తున్నారన్నది ఇందుకే ముందు అడగాలి.

మరి ఇది ఉచిత చాకిరీ కాదా?

ఈ ప్రశ్న వెయ్యాల్సింది మనమే. తెల్లవారుజామున లేచి, రాత్రి పదింటికి గిన్నెలు బోర్లించేదాకా జీతం లేని పని చేసేవాళ్లకి తెలిసినంతగా దీని సంగతి ఇంకెవరికి తెలుస్తుంది? "ఇష్టంగా చేస్తోందిగా" అన్న ఒక్క మాటతో ఎంత పనైనా చేయించుకోవచ్చు.

జపాన్‌లో విద్యార్థులు ఈ మాటే అడిగారు. టోక్యో ఒలింపిక్స్ కోసం 2018లో అక్కడి విద్యాశాఖ, క్రీడాశాఖ యూనివర్సిటీలకి లేఖ రాసి, పిల్లలు వాలంటీర్లుగా వెళ్లేలా తరగతులు, పరీక్షల తేదీలు సర్దుకోమన్నాయి. కోట్లు గడించే పండగకి మా చేత ఊరికే పని చేయిస్తారా అని విమర్శలొచ్చాయి. రోజుకి 1,000 యెన్‌లు దారి ఖర్చు ఇస్తామన్నారు. అయినా 80 వేల చోట్లకి రెండు లక్షలకి పైగా దరఖాస్తులొచ్చాయి, అది వేరే సంగతి.

తర్వాత జరిగింది ఇంకా వినదగ్గది. 2021 ఫిబ్రవరిలో నిర్వాహక సంఘం అధ్యక్షుడు యొషిరో మొరి, ఆడవాళ్లు ఎక్కువగా ఉంటే సమావేశాలు సాగుతూనే ఉంటాయని నోరు జారాడు. కొద్ది రోజుల్లోనే వందలమంది వాలంటీర్లు "మీకో దండం" అని తప్పుకున్నారు. చుట్టుపక్కల నుంచి కూడా ఒత్తిడి పెరిగి ఆయన రాజీనామా చేశాడు. ఆ కుర్చీలోకి వచ్చింది ఒకప్పటి ఒలింపిక్ క్రీడాకారిణి సెయికో హషిమొతో. కరోనా భయం కూడా తోడై, ఆటలు మొదలయ్యేనాటికి సుమారు 10 వేల మంది వాలంటీర్లు మానేశారు. జీతం తీసుకోనివాళ్లకి కాదని లేచిపోయే హక్కు ఉంటుంది! మన పి.వి. సింధు కాంస్యం గెలిచింది ఆ ఆటల్లోనే, ప్రేక్షకులు లేని హాల్లో.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకి ఎంపికైన వాలంటీర్లలో వేలమంది రాకుండా పోయారని అప్పట్లో పత్రికలు రాశాయి. శిక్షణ సరిగ్గా లేదనీ, ఇచ్చిన పని నచ్చలేదనీ కారణాలు చెప్పారు. కొందరు యూనిఫాం తీసుకుని మరీ మాయమయ్యారట. నిర్వాహకుల్ది ఎంత తప్పో, యూనిఫాం పుచ్చుకుని ముఖం చాటేసిన పిల్లలదీ అంతే తప్పు.

నన్నడిగితే తేడా ఇక్కడుంది. పనికి ముందు శిక్షణ ఇచ్చి, ఇన్ని గంటలని చెప్పి, తిండీ దారి ఖర్చూ చూసుకుంటే అది నేర్చుకోవడం. ఇవేవీ తేల్చకుండా "ముందు రండి" అంటే మాత్రం అది వెట్టే. లండన్‌లో కనీసం పది రోజుల పని, మూడు రోజుల శిక్షణ అని ముందే చెప్పారు. డ్యూటీ ఉన్న రోజు భోజనం, ఊళ్లో ప్రయాణం వాళ్లే చూసుకున్నారు. బస మాత్రం ఎవరిది వాళ్లదే. ఆటలయ్యాక క్రీడాకారుల ఊరేగింపులో వాలంటీర్లకీ చోటిచ్చారు.

పంపేముందు

డబ్బు లెక్క మొదట తేల్చుకోండి. విమానం, గది, వీసా అన్నీ మన నెత్తిమీదే. అందుకే ఇది కలిగినవాళ్ల పిల్లలకే దక్కుతోందన్న విమర్శలో నిజముంది. అప్పు చేసి పంపాల్సినంత పని కాదిది. వాలంటీర్ ఉద్యోగానికి ఫీజు కట్టమని ఎవరైనా అంటే అది మోసమే. దరఖాస్తు ఆ క్రీడల నిర్వాహక సంఘానికి నేరుగా వెళ్లాలి, మధ్యలో ఏజెంటు ఉండడు.

రాత్రి డ్యూటీ ఎన్నింటికి అవుతుంది, గదికి ఎలా చేరుతుంది, తోడెవరు? ఇవి అడిగితే చాదస్తమని పిల్లలంటారు. అననివ్వండి.

మీ పిల్లలు ఇప్పటికే అమెరికాలోనో, బ్రిటన్‌లోనో చదువుతుంటే ఇంకో మెలిక ఉంది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు చేసే జీతం లేని పనిని కూడా కొన్నిసార్లు ఉద్యోగం కిందే లెక్కగడతారు. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసుని అడిగి, జవాబు కాగితం మీద తీసుకున్నాకే ఒప్పుకోమనండి.

తిరిగొచ్చాక సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తే మురిసిపోవచ్చు గానీ ఉద్యోగం రాదు. ఇంటర్వ్యూలో అడిగేది "ఏం చేశావు?" అని. అందుకే రోజూ పడుకునేముందు నాలుగు ముక్కలు రాసుకోమనండి. ఎవరితో పేచీ వచ్చింది, ఎలా సర్దింది, పిల్లాడు తప్పిపోతే ఎవరికి చెప్పింది... ఆర్నెల్ల తర్వాత ఇవేవీ గుర్తుండవు.

దూరం పంపడానికి మనసొప్పకపోతే ఊళ్లోనే మొదలుపెట్టొచ్చు. హైదరాబాద్ 2003లో ఆఫ్రో-ఆసియన్ క్రీడల్నీ, 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీల్నీ జరిపిన ఊరు. ఏటా ఆగస్టులో జరిగే మారథాన్‌లో దారి పొడుగునా నీళ్లందించేది వాలంటీర్లే. కాలేజీలో ఎన్.ఎస్.ఎస్. ఉంటే ఆ మాస్టార్ని కలవమనండి. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కి వచ్చాయి. 2026లో పది పాసైన పిల్ల అప్పటికి డిగ్రీలో ఉంటుంది. వీసా గొడవ లేదు, రైలెక్కితే సరి. ఈలోగా హిందీ ధారాళంగా మాట్లాడడం వస్తే సగం పనైనట్టే.

ఇక సామాను సర్దడం మీ చేతిలో పని. శాకాహారులైతే ఆ మాట దరఖాస్తులోనే రాయించండి. పుట్నాల పొడి, కారప్పొడి రెండు పొట్లాలు చాలు, పచ్చడి సీసాలు వద్దు. బూట్లు మాత్రం ప్రయాణానికని కొత్తవి కొనకండి. కొన్నా నెల ముందే కొని, రోజూ తొడుక్కుని నడవమనండి. ఎనిమిది గంటలు నిలబడేది ఆ పాదాల మీదే.