సిర రోగి సొత్తు

సెలైన్ ఎక్కించడం అనే మాట తెలియని ఇల్లు నేడు అరుదు. కాస్త నీరసం కలిగితే చాలు, “ఒక బాటిల్ ఎక్కించండి” అని వైద్యుణ్ణి కోరేవారున్నారు. ఆ సూది గుచ్చే చేతికి ఎంత శిక్షణ ఉన్నదని మాత్రం ఎవరూ అడగరు. ఒక ఆసుపత్రిలో ఈ పనికే ప్రత్యేకంగా నర్సుల బృందాన్ని ఏర్పరచిన అనుభవంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

సిరను గుచ్చడం ఒక విద్య అని మన ప్రాచీనులు గుర్తించారు. సుశ్రుత సంహిత శారీరస్థానం 700 సిరలను పేర్కొని, వాటిలో 98 గుచ్చరానివని హెచ్చరించింది. అది రక్తం తీయడానికి చెప్పిన విధి. అయినా, ఏ సిరను వదలాలో ముందు తెలియాలన్న సూత్రం నేటికీ వర్తిస్తుంది. ఆధునిక కాలంలో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి 1940లో ఏడా ప్లమర్ అనే నర్సుకు ఈ బాధ్యతను ప్రత్యేకంగా అప్పగించింది.

మేము చేసిన ఏర్పాటు

పూర్వం వార్డులో ఎవరికి తీరిక ఉంటే వారే సూది గుచ్చేవారు. వృద్ధులకూ పసిపిల్లలకూ పలుమార్లు గుచ్చవలసి వచ్చేది. అందుచేత ఓర్పుగల నలుగురు నర్సులను ఎన్నుకొని, మొదట రబ్బరు చేయిపైనా, పిదప అనుభవజ్ఞుల సమక్షంలో రోగులకూ గుచ్చడం నేర్పించాము. వారికి ఈ నియమాలు విధించాము:

1. చేతులు కడుగుకొని, మందుతో తుడిచిన చర్మం పూర్తిగా ఆరిన పిదపనే గుచ్చాలి.

2. సాధ్యమైనంతవరకు మోచేతి మడతను వదలాలి. మూత్రపిండాల వ్యాధి ముదిరినవారి ముంజేతి సిరలను కాపాడాలి. రేపు డయాలసిస్ అవసరమైతే ఆ సిరలే ఆధారం.

3. రెండు ప్రయత్నాలు విఫలమైతే మరొకరిని పిలవాలి.

4. గుచ్చిన తేదీ, వేళ వ్రాయాలి. పూటపూటా పరీక్షించి, అవసరం తీరిన క్యాన్యులాను ఆనాడే తీసివేయాలి.

నలుగురిని వేరుచేస్తే వ్యయం పెరుగుతుందని యాజమాన్యం సందేహించింది. వాచిన సిర వలన రోగి మరికొన్ని దినాలు మంచంపై ఉండవలసి వస్తే అదీ వ్యయమే కదా అని విన్నవించాము. తమ నేర్పు మరుగునపడుతుందని వార్డు నర్సులు శంకించారు. అది న్యాయమైన శంకయే. కనుక నెలకొకరు చొప్పున వారు కూడా బృందంతో కలిసి పనిచేసే పద్ధతి పెట్టాము. కొద్దికాలానికే, సిర దొరకడం కష్టమైనప్పుడు వార్డులవారే బృందానికి కబురు పంపసాగారు.

ఇంటివారు గమనించవలసినవి

5 శాతం గ్లూకోజు గల అరలీటరు బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర మాత్రమే. దాని శక్తి 100 కేలరీలకు మించదు. నోటితో త్రాగగలిగి, సామాన్య నీరసం మాత్రమే ఉన్నవారికి గంజి, పలుచని మజ్జిగ మేలు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తీవ్రంగా తగ్గినప్పుడు మాత్రం సెలైన్ ప్రాణదాత. అప్పుడు జాగు చేయరాదు.

క్యాన్యులా ఉన్నచోట నొప్పి, ఎరుపు, వాపు, తడి కనిపించినా, చలిజ్వరం వచ్చినా వెంటనే నర్సుకు చెప్పండి. అక్కడ పసుపు, నూనె, ఆకు పసరు వంటివేవీ పూయకండి. “ఇది ఇంకా అవసరమా?” అని ప్రతిదినం అడగండి. అలా అడగడం మర్యాదకు లోపం కాదు. ఆ సిర మీవారిదే.